తోట చుట్టూ బూడిద

మా ద్రాక్షతోటలో నీళ్ళు తిప్పే పనికి ఒక్కటే చెయ్యి ఉండాలి. సారు పెట్టిన నియమం అది. ఏడాది మొదట్లో ఎవరు పీపా ముందు నిలబడతారో, ఆఖరి గుత్తి కోసేదాకా వాళ్ళే నిలబడాలి. జ్వరం వచ్చినా, చెయ్యి బెణికినా వాళ్ళే. తిప్పేవాళ్ళ మనసులో ఏముంటే అది నీళ్ళలోకి దిగుతుందట. నీళ్ళలోంచి ఆకుకి, ఆకులోంచి పండుకి, పండులోంచి వైన్‌కి పోతుందట. మా తమ్ముడు ఈ మాటలన్నీ ఒక అట్టముక్క మీద రాసి పీపాల గది తలుపుకి మేకులు కొట్టి బిగించాడు.

ఆ ఏడాది ఆ చెయ్యి మా చెల్లెలిది.

పని చూడ్డానికి చిన్నదే. చలి మొదలయ్యేముందు ఆవు కొమ్ముల్లో పచ్చిపేడ కూరి, తోట మూల గొయ్యిలో పాతిపెడతాం. చలి వెళ్ళాక తవ్వి తీస్తే పేడ వాసన ఉండదు, నల్లగా, మెత్తగా, అడవిమట్టిలా ఉంటుంది. అందులోంచి గుప్పెడు తీసి పీపాడు గోరువెచ్చని నీళ్ళలో వేసి, దూలానికి వేలాడదీసిన పొడుగాటి కర్రతో గంటసేపు తిప్పాలి. ఒకవైపు తిప్పుతుంటే నడిమధ్య సుడి పడుతుంది. సుడి పీపా అడుగుకి తాకినట్టు కనిపించగానే కర్ర ఆపి రెండోవైపుకి తిప్పాలి. నీళ్ళు ఒక్కసారి తడబడి, నురుగు కక్కి, మళ్ళీ సుడి కట్టుకుంటాయి. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండ పొడ వచ్చేసరికి పూర్తవుతుంది. వేసవిలో ఆకుల మీద కొట్టే నీళ్ళకి పేడ బదులు పలుగురాయి పొడి. మిగతాదంతా ఒకటే.

మా నాన్న రోజుల్లో ఈ గొడవలేవీ లేవు. మైలుతుత్తం, సున్నం కలిపిన నీలం మందు కొట్టేవాడు, గంధకం చల్లేవాడు. ఆయన గోళ్ళు చచ్చిపోయేదాకా నీలంగానే ఉన్నాయి. తమ్ముడూ అలాగే చేశాడు, వాడి పెళ్ళాం దగ్గి దగ్గి పోయేవరకు. ఊపిరితిత్తులు చెడిపోవడానికి కారణం ఫలానా అని డాక్టరు చెప్పలేదు, వీడే చెప్పుకున్నాడు. మందు బస్తాలన్నీ గొయ్యి తీసి పూడ్చేశాడు. మర్నాటి నుంచి ఏ ఆకు ముట్టుకున్నా చెయ్యి కడుక్కునేవాడు. ఆ సమయంలో సారు దొరికాడు. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా, గొంతు పెంచడు. మట్టికి ప్రాణం ఉందని, చంద్రుడు ఏ రాశిలో ఉంటే తీగలో ఏ భాగం మేలుకుంటుందో లెక్క ఉందని చెప్పాడు. వేరు రోజులు, ఆకు రోజులు, పువ్వు రోజులు, పండు రోజులు అని రంగురంగుల గళ్ళ చార్టు ఇచ్చాడు. తమ్ముడు చాలా నెలల తర్వాత ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. అందుకే నేను ఆ చార్టుని ఎప్పుడూ వెక్కిరించలేదు.

వెక్కిరించేది కత్తెర తాత. మా నాన్న కాలం నుంచి కొమ్మలు కత్తిరించే మనిషి. నాకు అరవై దాటినా ఇంకా పెద్దమ్మాయిగారూ అనే పిలుస్తాడు.

"చంద్రుడు ఇవాళ ఎక్కడున్నాడు బాబుగారూ?" అనేవాడు పొద్దున్నే గేటు తీస్తూ.

"కన్యలో."

"అయితే నేను మూత్రానికి వెళ్ళొచ్చా, రేపటిదాకా ఆగాలా?"

తమ్ముడు కూడా నవ్వేవాడు. అప్పట్లో ఇంకా నవ్వేవాడు.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం వాడి పంచన ఉన్నవాళ్ళమే. నా భర్త పోయి నేనొచ్చాను. చెల్లెల్ని భర్త వెళ్ళగొడితే వచ్చింది. ఏడేళ్ళ కూతుర్ని మాత్రం అతను ఉంచేసుకున్నాడు. ఊళ్ళు మారాడు, ఇళ్ళు మారాడు. పదమూడేళ్ళు. మొదట్లో చెల్లెలు ప్రతి పుట్టినరోజుకీ ఒక గౌను కుట్టేది, కొలత ఊహించుకుని. తర్వాత ఊహ అందక మానేసింది. మా ఇద్దరిదీ వెనకవైపు ఒకే గది, రెండు మంచాలు, ఒక కిటికీ. అది నిద్రలో పిల్ల పేరు పలికితే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

తమ్ముడు నన్ను ఎప్పుడు పొమ్మంటాడో అన్న భయం నాకు మొదటిరోజు నుంచీ ఉంది. వాడు అలాంటి మాట ఒక్కసారి కూడా అనలేదు. అయినా అన్నంలో చెయ్యి పెట్టినప్పుడల్లా వాడి మొహం చూసేదాన్ని.

నాకు అప్పజెప్పిన పని బూడిద. తోటలోకి ఏది రాకూడదో దాన్నే కాల్చి, ఆ బూడిద తోట చుట్టూ చల్లితే ఆ జాతి మళ్ళీ ఆ గీత దాటి రాదని సారు చెప్పాడు. ఆ ఏడు ఎలుకలు వేళ్ళు కొరికేస్తున్నాయి. పట్టిన ఎలుకల చర్మాలు ఒలిచి, చార్టులో చెప్పిన రోజున, రేకు డబ్బాలో కాల్చాలి. చెల్లెలు డబ్బా దగ్గరికి వచ్చి, ఒకసారి చూసి, అవతలికి వెళ్ళి వాంతి చేసుకుంది. నాకేం అనిపించలేదు. కాల్చి, నూరి, జల్లెడ పట్టి, కంచె పొడుగునా చిటికెడు చిటికెడు వేసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి ఎలుకలు తగ్గాయి.

"అక్క చేతిలో పట్టు ఉంది," అన్నాడు తమ్ముడు.

"పిల్లి నోట్లో ఉంది," అన్నాడు కత్తెర తాత. షెడ్డు వెనక ఒక బూడిదరంగు పిల్లి ఈని నాలుగు వారాలైంది.

గింజ శనగంత అయిన రోజుల్లో ఫోను వచ్చింది. నేనే ఎత్తాను. అవతల ఆడపిల్ల గొంతు. "మా అమ్మ ఉందా?" అంది. ఎవరమ్మా నువ్వు అని అడగబోయి ఆగాను. గొంతు అచ్చం చెల్లెలిదే, పాతికేళ్ళ వెనకటిది.

చెల్లెలు రెండు చేతుల్తో పట్టుకుని మాట్లాడింది. మాట్లాడింది అనడం కంటే విన్నది అనాలి. పెట్టేశాక గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"గురువారం బస్సు మారుతుందట అక్కా, మన బస్టాండులో. గంట ఉంటుందట. వాళ్ళ నాన్నకి తెలీదు."

"గురువారమా?"

"పొద్దున్న ఆరింటికి."

గురువారం పండు రోజు. ఆకుల మీద నీళ్ళు కొట్టే రోజు.

అంతకుముందు మూడురోజులు జల్లు ఆగకుండా కురిసి ఉంది. వాన వెలిసిన పొద్దున కత్తెర తాత ఆకు వెనక్కి తిప్పి చూసి, తమ్ముడి దగ్గరికి వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. అతను టోపీ తీసేది పెళ్ళిళ్ళకీ చావులకీ తప్ప నేనెప్పుడూ చూడలేదు.

"బాబుగారూ, హాస్యం కాదు. ఉక్కగా ఉంది, ఆకు తడిగా ఉంది. బూజు తెగులు పట్టేస్తుంది. ఇవాళే ఏదో ఒకటి కొట్టండి. నీలం మందు వద్దంటే మీ ఆకుల కషాయమే కొట్టండి."

తమ్ముడు చార్టు చూశాడు. "ఇవాళ వేరు రోజు. వేరు మేలుకున్న రోజున ఆకు ముట్టుకుంటే లాభం లేదు. గురువారందాకా ఆగాలి."

"నాలుగు రోజులు. బూజుకి చార్టు ఇచ్చారా మరి?"

"తాతా, పని చూసుకో."

నాలుగు రోజులు ఆగాం.

గురువారం చెల్లెలు చీకటితోనే లేచింది. తన ఏప్రను నా మంచం మీద పెట్టింది. "గంటే కదక్కా. చీకట్లో దూరం నుంచి ఎవరికీ తెలీదు. అన్నయ్యని అడిగితే ఒప్పుకోడు, చెయ్యి మారకూడదంటాడు. నీకు దణ్ణం పెడతాను," అంది. ఎన్నో నెలల తర్వాత జుట్టు నున్నగా దువ్వుకుంది. అది వెళ్ళాక గదిలో కొబ్బరినూనె వాసన మిగిలింది.

ఆ ఏప్రను కట్టుకుని పీపా ముందు నిలబడ్డాను. ప్రశాంతమైన మనసు అని అట్టముక్క మీద ఉంది. నా మనసులో ఏముందో నాకు తెలుసు. చెల్లెలికి ఒక పిల్ల ఉంది, వెతుక్కుంటూ వస్తోంది, నాకెవరూ లేరు. రేపు దాన్ని ఆ పిల్ల తీసుకుపోతే ఈ రెండు మంచాల గదిలో నేనొక్కదాన్నే మిగులుతాను. ఇదే తిరిగింది నాలో, కర్రతో పాటు. రెండోవైపుకి ఒక్కసారి తిప్పాను, మళ్ళీ తిప్పబోతే భుజం పట్టేసింది. ఇరవై నిమిషాలకి కర్ర వదిలేసి, బోర్లించిన బుట్ట మీద కూర్చుని మిగతా గంట గడిపాను. తమ్ముడు వచ్చే అలికిడి వినగానే ఏప్రను మేకుకి తగిలించి వెనక తలుపులోంచి వెళ్ళిపోయాను. వాడు నీళ్ళు పిచికారీ పంపులోకి తోడుకుని వరుసల్లోకి నడిచాడు.

చెల్లెలు ఎనిమిదింటికి వచ్చింది. జేబురుమాలు తెచ్చుకుంది, పిల్లది. "నా కంటే పొడుగక్కా. చెయ్యి పట్టుకుని వదల్లేదు. కోతల మొదటిరోజున వస్తానంది. ఇక్కడికే. వాళ్ళ ఇంటి సంగతి అడగొద్దంది, ఫోను చెయ్యొద్దంది, తనే వస్తుందట." ఆ రోజంతా అది నడుస్తూ పాడుకుంది. ఆ రోజు అదే నీళ్ళు తిప్పి ఉంటే, సారు లెక్క ప్రకారం, ఆ తోటలో ప్రపంచంలోకెల్లా మంచి వైన్ పండి ఉండాలి.

ఎనిమిదో రోజున ఆకుల మీద నూనె మరకలు కనిపించాయి. తిప్పి చూస్తే కింద తెల్లటి బూజు. వారంలో గుత్తులకి పాకింది. గింజలు ముడుచుకుని, గోధుమరంగు తిరిగి, వేలు తగిలితే రాలిపోయాయి. పల్లం వైపు సగం తోట పోయింది. తమ్ముడు వరుసల మధ్య మోకాళ్ళ మీద కూర్చుని రాలిన గింజలు టోపీలోకి ఏరుకున్నాడు.

సారు వచ్చాడు. తోటంతా తిరిగాడు. పీపాల గదిలోకి వచ్చి పీపా అంచు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు. కత్తెర తాత గుమ్మంలో టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, "నాలుగు రోజులు ఆలస్యం చేశాం సారూ, అంతే," అన్నాడు. సారు కళ్ళు తెరవలేదు.

"ఈ నీళ్ళలో ఏడుపు ఉంది," అన్నాడు మెల్లిగా. "గురువారం నీళ్ళు తిప్పింది ఎవరు?"

తమ్ముడు చెల్లెలి వైపు చూశాడు. "మా చెల్లెలే. దానికి కూతురి దిగులు ఉంది. పదమూడేళ్ళ నుంచీ ఉంది."

"మరి చెప్పలేదేం నాకు? పదమూడేళ్ళ దిగులు పోసుకున్నారు తోటలోకి."

చెల్లెలు ఏడవలేదు. దాని మొహంలో భయం కూడా లేదు, తేలికైన ప్రశ్నకి జవాబు తెలిసిన పిల్లలా ఉంది. నావైపు తిరిగింది.

"అక్కా, గురువారం నీళ్ళు ఎవరు తిప్పారో చెప్పు."

కోపంగా అడగలేదు. నేను చెప్పేస్తానని దానికి అంత నమ్మకం. గదిలో అందరూ నన్నే చూశారు. తమ్ముడి టోపీలో ఇంకా ఆ ఎండుగింజలున్నాయి. ఇరవై నిమిషాలు, బోర్లించిన బుట్ట, అవన్నీ నా మొహం మీద రాసి ఉన్నాయేమో అనిపించింది. వెనకగదిలో నా మంచం, కిటికీ కళ్ళ ముందు మెదిలాయి.

"నువ్వే కదే," అన్నాను.

అది కొంచెంసేపు నన్ను చూసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నా మొహంలోకి సూటిగా చూడలేదు. కత్తెర తాత ఒక్కడే టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఎక్కడో దూరపు ఊళ్ళో తెలిసినవాళ్ళ హాస్టల్లో చెల్లెలికి వంటపని మాట్లాడాడు తమ్ముడు. వాడు క్రూరుడు కాడు. కొత్త చెప్పులు కొనిచ్చాడు. "ఈ ఏడాది గడవనీ. ఆకులు రాలాక చూద్దాం," అన్నాడు.

"కోతల మొదటిరోజు దాకా ఉండనీ అన్నయ్యా," అంది. "తోటలోకి రాను. గేటు బయట నిలబడతాను."

"మిగిలిన సగం కూడా పోవాలా?"

వెళ్ళే పొద్దున నేను మంచం మీద కూర్చుని కండువా మడతపెడుతున్నాను. ఆ ఒక్క కండువానే మడిచి, విప్పి, మడిచాను. అది సంచీ కట్టుకుని గుమ్మంలో ఆగింది. నన్ను చూడకుండా, కిటికీతో మాట్లాడినట్టు చెప్పింది.

"హాస్టల్ అడ్రసు కాగితం మీద రాశాను. నా ఏప్రను జేబులో ఉంది. పిల్ల వస్తే ఇవ్వు. ఇంకేమీ అడగను నిన్ను."

"అలాగేలే," అన్నాను.

బస్టాండు దాకా తోడు వెళ్ళలేదు. కిటికీలోంచి చూశాను. కొత్త చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, కుంటుతూ నడిచింది.

మర్నాడు సారు మాట పంపాడు. మనిషి వెళ్ళినంత మాత్రాన దిగులు వెళ్ళదు. ఎలుకలకి చేసినట్టే చెయ్యాలి. ఆమె తోటలో వాడిన గుడ్డ, కర్ర, దువ్వెనలో మిగిలిన జుట్టు, అన్నీ కాల్చి గీత వేయాలి.

తమ్ముడు రేకు డబ్బా తెచ్చి మండించాడు. నేను దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి ఇచ్చాను. చుట్టలా చుట్టుకుని, చిటపటమని కాలాయి. కర్రని ముక్కలు చేసి వేశాడు. మేకు మీంచి ఏప్రను తీశాను. జేబులో నాలుగు మడతల కాగితం బట్టలోంచి గట్టిగా వేళ్ళకి తెలుస్తోంది. రెండు వేళ్ళు దూర్చి తీసి రవికలో దోపుకోవడానికి ఎంతసేపు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. ఏంటది అంటాడు. అడ్రసు అంటాను. ఎవరికి అంటాడు. బస్టాండు సంగతి వస్తుంది, గురువారం వస్తుంది. అంతదూరం ఆలోచించాను, ఏప్రను చేతిలో పట్టుకుని.

"వెయ్యక్కా, మంట తగ్గిపోతోంది."

వేశాను.

నూరేటప్పుడు కాగితపు బూడిద మాత్రం వేరుగా, రేకులు రేకులుగా తేలింది. దాన్ని కూడా నూరాను. జల్లెడ పట్టాను. కంచె పొడుగునా, గేటు ముందు కూడా, చిటికెడు చిటికెడు వేసుకుంటూ వెళ్ళాను. నడుం నొప్పి పుట్టింది.

ఆ తర్వాత వానలు లేవు. మెరక వైపు సగం తోట బతికింది. సారు చేతులు జోడించాడు, తమ్ముడు ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాకు కొత్త ఏప్రను, కొత్త కర్ర వచ్చాయి. "అక్క మనసు నిమ్మళం. ముందే అక్కకి ఇచ్చి ఉండాల్సింది," అన్నాడు తమ్ముడు. కత్తెర తాత ఆ పూట చంద్రుడి గురించి ఏమీ అడగలేదు. కోతలకి ముందే పని మానేసి కూతురింటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళలేదు.

కోతల మొదటిరోజు పొద్దున పది గంటలకి గేటు దగ్గర ఒకమ్మాయి నిలబడింది. చేతిలో అట్టపెట్టె, తాడు కట్టింది. చెల్లెలి నుదురు, చెల్లెలి నిలబడే తీరు, ఒక కాలి మీద బరువు వేసి. నేను బుట్ట దించి వెళ్ళాను. గేటు తెరిచే ఉంది. అయినా ఆ పిల్ల ఒక్క అడుగు లోపలికి వేయలేదు. సరిగ్గా బూడిద చల్లిన చోట, చెప్పుల కొనలు ఇవతలికి రాకుండా నిలబడింది.

"పెద్దమ్మా?" అంది. నన్ను చూసి ఎలా గుర్తుపట్టిందో. "అమ్మ చెప్పింది మీ గురించి. తను లేకపోయినా మీరుంటారంది."

"మీ అమ్మ ఇక్కడ లేదమ్మా. పనికి వెళ్ళింది."

"ఎక్కడికి?"

"తెలీదు."

"ఏం చెప్పలేదా? నాకేం ఇవ్వమనలేదా?"

"లేదు."

ఆ పిల్ల అట్టపెట్టె కింద పెట్టింది. మూత సందులోంచి ఏదో గౌనులాంటిది కనిపించింది, చిన్నపిల్లది, పాతది. దాన్ని చూపించడానికి తెచ్చిందేమో. నన్ను చాలాసేపు చూసింది, వాళ్ళమ్మ చూసినట్టే. "నేను వస్తానని తెలిసీ వెళ్ళిపోయిందన్నమాట," అంది. అది ప్రశ్న కాదు. తర్వాత తన ఫోను నంబరు రాసిచ్చింది. సొంత ఫోను కొనుక్కుందట. "ఎప్పుడైనా వస్తే ఇవ్వండి. రాకపోతే పరవాలేదు."

"ఎవరక్కా అది?" అన్నాడు తమ్ముడు, నేను తిరిగొచ్చాక.

"దారి తప్పిన పిల్ల. బస్టాండు ఎటని అడిగింది."

అదే వారంలో ఫోను మోగింది. చెల్లెలు. కోతల మొదటిరోజు నుంచీ ఆపుకుంటున్నట్టుంది, పలకరింపు కూడా లేదు.

"పిల్ల వచ్చిందా?"

నంబరు కాగితం నా ఏప్రను జేబులోనే ఉంది. చెయ్యి దానిమీదే ఉంది. వచ్చిందంటే, అడ్రసు ఇచ్చావా అంటుంది.

"రాలేదే," అన్నాను.

అవతల పెద్ద గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో దాన్ని పిలిచారు. "సరే అక్కా," అంది. ఆ తర్వాత ఫోను చెయ్యలేదు. ఆకులు రాలాయి, మళ్ళీ చిగిర్చాయి. తమ్ముడు దాన్ని రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. రాలేదు.

గది ఇప్పుడు నా ఒక్కదానిది. రెండో మంచం తీయించలేదు. తెల్లవారుజామున లేచి పీపా ముందు నిలబడతాను. ఇరవై నిమిషాలు కాదు, గంట నిండా తిప్పుతాను. సుడి అడుగుకి తాకగానే ఆపి రెండోవైపుకి తిప్పుతాను. నీళ్ళు చిమ్మి ఏప్రను తడుస్తుంది. కాగితం మీద అంకెల్లో మొదటి మూడూ అలుక్కుపోయాయి, మిగతావి ఇంకా కనిపిస్తున్నాయి.

నీళ్ళు తోడుకునేముందు తమ్ముడు రోజూ ఒకే మాట అడుగుతాడు. "మనసు నిమ్మళంగా ఉందా అక్కా?"

ఉందంటాను. వాడు తోడుకుని వెళ్తాడు.